అందరికీ ఒకటే నిబంధన అంటాం సరే, అది ఎవరి కొలతకు కుట్టింది?

నక్షావిద్యార్థి (ప్రశ్న):

నమస్కారం. పట్టణ ప్రణాళికలో స్నాతకోత్తర కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాను. వేర్వేరు జాతులు, మతాలు, భాషల వారు కలిసి బతికే నగరాలకు ప్రణాళిక ఎలా స్పందించాలన్న అంశం మీద సిద్ధాంత వ్యాసం రాద్దామని కూర్చున్నాను కానీ, రెండు నెలలుగా మొదటి అధ్యాయం దాటలేకపోతున్నాను. కారణం చెబుతాను, అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

మాకు జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో, దాన్ని ఎలా వాడవచ్చో తేల్చే నిబంధనలు) బోధించిన అధ్యాపకుడు ఒక మాట తరచూ అనేవారు: ప్రణాళిక నేలను చూస్తుంది, మనిషిని చూడదు. స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, మురుగునీటి గొట్టం మోయగల భారం, ఇవే ప్రశ్నలు. ఆ భవనంలో ఎవరుంటారు, ఏ దేవుణ్ణి కొలుస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు అన్నది ఫైలులోకి రాకూడదని, వచ్చిన రోజున న్యాయం పక్కకు పోతుందని ఆయన వాదన. మరో అధ్యాపకురాలు పాల్ డేవిడాఫ్ 1965లో రాసిన వ్యాసం మాచేత చదివించారు. నగరం మొత్తానికీ కలిపి ఒకే ప్రజాప్రయోజనం ఉంటుందనుకోవడం భ్రమ అని, న్యాయవాది తన కక్షిదారు తరఫున నిలబడినట్టే ప్లానరు కూడా గొంతు లేని వర్గాల తరఫున ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేసి వాదించాలని అందులోని సారాంశం. విడివిడిగా చదివినప్పుడు రెండూ సబబుగానే తోస్తాయి, పక్కపక్కన పెడితే పొసగవు.

నా సందేహాలు ఇవి. ప్రణాళిక నిజంగా మనిషిని చూడకుండా ఉండగలదా? ఒక వర్గం వారంతా ఒకే పేటలో చేరితే దాన్ని చెదరగొట్టడం ప్రణాళిక చేయవలసిన పనా, లేక దాని జోలికి పోకుండా ఉండడమా? సింగపూర్‌లో కోటాలు పెట్టి మరీ కలిపారని చదివాను, అది అనుసరించదగినదేనా? ఇక చివరిది కాస్త మొరటు ప్రశ్న: ఇవాళ ఒక వర్గానికి సడలింపు ఇస్తే రేపు పది వర్గాలు వరసలో నిలబడతాయి, అప్పుడు మాస్టర్ ప్లాన్ అన్న మాటకు అర్థం ఏం మిగులుతుంది?

పాతఫైలు:

భవన అనుమతుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడన్నది చెప్పను, చెప్పినా మీ వ్యాసానికి పనికిరాదు. మీ మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పగలను. మీ అధ్యాపకుడి మాట చెప్పడానికి చక్కగా ఉంటుంది కానీ, ప్రణాళిక మనిషిని చూడకుండా ఉన్న కాలం నాకు తెలిసి ఎన్నడూ లేదు.

బాహాటంగా చూసిన రోజుల సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసినదే. అమెరికాలో బాల్టిమోర్ నగరం 1910లో ఏ వీధిలో ఏ రంగు వారు ఇల్లు తీసుకోవచ్చో చట్టం చేసింది. అలాంటిదే లూయీవిల్‌లో చేస్తే సుప్రీంకోర్టు 1917లో కొట్టేసింది. దక్షిణాఫ్రికాలో 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం నగర పటాన్నే జాతుల వారీగా కోసి పంచింది. కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా మనుషులను అక్కడి నుంచి లేపేశారు. ఆ పటాలు గీసినవారు కూడా మనలాంటి సాంకేతిక నిపుణులే, స్కేలు, రంగు పెన్సిళ్లు పట్టుకున్నవారే.

నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది ఆ తర్వాతి దశ, అంటే జాతి అన్న మాట కాగితం మీద నుంచి చెరిగిపోయి, నిర్వచనాలు మాత్రం మిగిలిన దశ. 1977లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ‘మూర్ వర్సెస్ సిటీ ఆఫ్ ఈస్ట్ క్లీవ్‌లాండ్’ కేసు చదవండి. ఇనెజ్ మూర్ అనే నల్లజాతి అవ్వ తన కొడుకుతోను, ఇద్దరు మనవళ్లతోను ఒకే ఇంట్లో ఉండేది. ఆ మనవళ్లలో ఒకడు ఆ కొడుకు బిడ్డ. రెండోవాడు మరో కొడుకు బిడ్డ, తల్లి చనిపోతే పసిపిల్లవాడిగా అవ్వ దగ్గరికి చేరాడు. ఆ నగరపు గృహ నిబంధనలో ‘కుటుంబం’ అన్న మాటకు రాసుకున్న నిర్వచనం ప్రకారం ఇద్దరు కొడుకుల పిల్లలు ఒకే ఇంట్లో ఉండడానికి వీల్లేదు. రెండో మనవడు అక్రమ నివాసి అని నోటీసు ఇచ్చారు. ఆమె వాణ్ణి పంపించలేదు కాబట్టి 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. ఉమ్మడి కుటుంబంలో పుట్టినవారికి ఇది నవ్వు తెప్పించే సంగతి, కానీ ఆ నిబంధన చెల్లదని తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది, అక్కడ కూడా అయిదుగురు అటు, నలుగురు ఇటు. గమనించవలసిన సంగతి మరొకటి ఉంది: అప్పటికి ఆ నగర జనాభాలో ఎక్కువమంది నల్లజాతివారే, నగర పాలనా వారి చేతుల్లోనే ఉంది. దురుద్దేశం ఉందా లేదా అని వెతకడం దండగ. భార్య, భర్త, వారి పిల్లలు అన్న ఒక మూసను ‘కుటుంబం’ అని రాసి పెట్టుకున్నాక, ఆ నిబంధనను అమలు చేసేది ఎవరైనా ఫలితం అదే.

నా చేతి మీదుగా వెళ్లిన ఫైలు ఒకటి చెబుతాను. పారిశ్రామిక ప్రాంతపు అంచున ఉన్న ఒక ఖాళీ గోదామును ప్రార్థనా మందిరంగా మార్చుకుంటామని, వలస వచ్చి స్థిరపడిన ఒక చిన్న సమాజం దరఖాస్తు పెట్టింది. మా ఫారంలో పార్కింగ్ లెక్క కట్టడానికి ‘స్థిర ఆసనాల సంఖ్య’ అని ఒక గడి ఉండేది. ఇన్ని ఆసనాలకు ఒక కారు చొప్పున స్థలం చూపించాలి. వాళ్లు నేల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటారు, ఆసనాలన్నవే లేవు. ఆ గడిలో ఏం రాయాలో తోచక ‘సున్న’ అని రాశాను. ఫైలు పై అధికారి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చింది: సున్న ఆసనాలంటే సున్న పార్కింగ్ అవుతుంది, ఇది కుదరదు, సభామందిరం ప్రమాణం తీసుకుని నేల వైశాల్యం మీద లెక్కగట్టండి అని పక్కన ఎర్ర సిరాతో. అలా కడితే అదే పరిమాణం ఉన్న, బెంచీలు వేసిన మందిరానికి అడిగేదానికి మూడింతల పైన తేలింది. అంత స్థలం వాళ్లకు లేదు, దరఖాస్తు తిరస్కరించాం. వచ్చేవాళ్లలో సగానికి పైగా కాలినడకన వస్తారని తర్వాత ఒక ప్రార్థన రోజున ఆ చుట్టుపక్కల నిలబడి చూస్తే తెలిసింది, కానీ అప్పటికే ఫైలు మూసేశాం.

ఆ ఫారం తయారు చేసినవాడికి ఎవరి మీదా ద్వేషం ఉండి ఉండదు. అతనికి తెలిసిన ప్రార్థనా మందిరంలో బెంచీలు ఉండేవి, అంతే. కాబట్టి మీ వ్యాసాన్ని ఏ వర్గానికి ఏ సడలింపు ఇవ్వాలన్న ప్రశ్నతో కాకుండా, కుటుంబం, మందిరం, దుకాణం, ఇల్లు, శబ్దం, శ్మశానం అన్న మాటలకు నిబంధనల పుస్తకంలో ఇప్పుడున్న నిర్వచనాలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నతో మొదలుపెట్టమని నా సలహా. సడలింపుల వరస గురించిన మీ భయం చాలావరకు అక్కడే తీరుతుంది.

రెండో అంతస్తు:

పాతఫైలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. కోటాల ప్రశ్నకు నేను జవాబిస్తాను, కొన్నేళ్లు సింగపూర్‌లో ఉన్నాను కాబట్టి.

ముందుగా చరిత్ర తెలిస్తేనే ఆ విధానం అర్థమవుతుంది. 1822లో బ్రిటిష్ అధికారి స్టాంఫర్డ్ రాఫిల్స్ ఆ పట్టణానికి ప్రణాళిక వేయించినప్పుడే చైనీయులకు ఒక పేట, దక్షిణ భారతం నుంచి వచ్చిన చూలియాలకు ఒకటి, అరబ్బులకు, సులవేసి దీవి నుంచి వచ్చిన బుగిస్ వారికి, యూరోపియన్లకు వేర్వేరు పేటలు అని విడగొట్టారు. అంటే అక్కడ పేటల వారీ జీవనం తనంతట తాను ఏర్పడింది కాదు, చాలావరకు గీతలు గీసి ఏర్పరచినది. 1964లో జాతుల మధ్య అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఊరి జనంలో అత్యధికులకు ఫ్లాట్లు కట్టి ఇచ్చింది. ఇప్పటికీ అక్కడి స్థిర నివాసుల్లో ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు ఆ ఫ్లాట్లలోనే ఉంటారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఫ్లాట్ల పునర్విక్రయాలు పెరిగే కొద్దీ కొన్ని పేటల్లో ఒకే వర్గం మళ్లీ చేరడం కనిపించి, 1989లో జాతుల సమ్మేళన విధానం తెచ్చారు. ప్రతి బ్లాకుకూ (అంటే ఒక్కో అపార్ట్‌మెంట్ భవనానికి), ప్రతి పేటకూ ఒక్కో వర్గానికి గరిష్ఠ శాతం ఉంటుంది. చైనీయులకు పేటలో 84 శాతం, బ్లాకులో 87 శాతం. మలయ్‌లకు 22, 25. భారతీయులు, ఇతరులకు మొదట 10, 13గా ఉండి 2010లో 12, 15 అయింది. పరిమితి నిండిన వర్గానికి చెందిన వ్యక్తి, బయటి వర్గపు అమ్మకందారు దగ్గర కొనలేడు. తన వర్గంవాడి దగ్గరైతే కొనవచ్చు, ఎందుకంటే అప్పుడు లెక్క మారదు.

ఇప్పుడు దీన్ని ఒక ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి. మీరు భారతీయ కుటుంబం, ఫ్లాటు అమ్మాలి. మీ బ్లాకులో చైనీయుల పరిమితి నిండింది. కొనేవారిలో నూటికి డెబ్బై పైన చైనీయులు. వాళ్లెవరూ మీ ఫ్లాటు చూడడానికైనా రారు, వచ్చినా కొనలేరు. మీ గోడకు గోడ ఆనుకున్న చైనీయ కుటుంబం మాత్రం తమ ఫ్లాటును ఎవరికైనా అమ్ముకోగలదు. అటువైపు ఫ్లాటు నెలలో అమ్ముడవుతుంది. మీరు ధర తగ్గించుకుని ఎదురుచూస్తారు. కలిపి ఉంచడం వల్ల మేలు అందరిదీ, ఖర్చు మాత్రం ఎక్కువగా మైనారిటీది అన్న విమర్శ ఇక్కడి నుంచి వచ్చింది. అలా ఇరుక్కున్నవారి ఫ్లాట్లను కొన్ని షరతులతో హెచ్‌డీబీయే తిరిగి కొంటుందని 2022లో ప్రకటించారు. అంటే విధానం మొదలైన ముప్పై మూడేళ్లకు.

నా అభిప్రాయం ఇది: సింగపూర్ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, దాన్ని ఎత్తుకెళ్లి మరోచోట నాటడం సాధ్యం కాదు. ఊళ్లోని ఇళ్లలో అత్యధికం ఒకే సంస్థ చేతి మీదుగా అమ్మకమై, కొనుగోలై, దేశవాసులందరికీ గుర్తింపు కార్డు మీద జాతి రాసి ఉన్నచోట మాత్రమే అది నడుస్తుంది. ఇళ్లు ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో ఉన్న నగరంలో కోటా అంటే, ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఉన్న పేదలకు మాత్రమే కోటా. డెన్మార్క్‌లో అదే జరిగింది. 2018లో అక్కడ చేసిన చట్టాల ప్రకారం, సామాజిక గృహ సముదాయంలో ‘పాశ్చాత్యేతర’ మూలాల వారు సగానికి మించి ఉండి, నిరుద్యోగం, నేరాలు, చదువు, ఆదాయం అన్న కొలమానాల్లో కనీసం రెండింటిలో వెనకబడితే దాన్ని అధికారికంగా ‘ఘెట్టో’ జాబితాలో చేర్చేవారు. ఏళ్ల తరబడి ఆ జాబితాలో ఉండిపోయిన చోట్ల, 2030 నాటికి కుటుంబాలకిచ్చే సామాజిక గృహాలను 40 శాతానికి తగ్గించాలి; కూల్చడమో, అమ్మడమో, కొందరిని ఖాళీ చేయించడమో తప్పదు. 2021లో ఆ పేరు మాత్రం మార్చారు. ధనికులు ధనికుల మధ్యే గుమిగూడిన పేటలను విడగొట్టడానికి ఇలాంటి చట్టాన్ని నేనెక్కడా చూడలేదు.

ఇంకొక్క ముక్క. కోపెన్‌హేగెన్‌లో ఆ జాబితాకెక్కిన మ్యోల్నర్‌పార్కెన్ సముదాయాన్ని ఆనుకునే సూపర్‌కిలెన్ అనే పార్కు ఉంది, 2012లో తెరిచారు. చుట్టుపక్కల నివసించేవారి స్వదేశాలను గుర్తుచేసేలా 50కి పైగా దేశాల నుంచి బెంచీలు, దీపస్తంభాలు, ఊయలలు, ఫౌంటెన్లు తెచ్చి పెట్టారు. వాస్తుశిల్ప పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. వస్తువులకు దొరికిన స్వాగతం పక్కింటి మనుషులకు ఎంతవరకు దొరికిందన్నది మీ వ్యాసంలో ఒక అధ్యాయానికి సరిపడే ప్రశ్న.

గళ్ళకాగితం:

ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నక్షావిద్యార్థి గారి అధ్యాపకుడి మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

1880లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక నిబంధన చేసింది: చెక్క భవనాల్లో బట్టలుతికే లాండ్రీ నడపాలంటే నగరపాలక బోర్డు అనుమతి ఉండాలి. అగ్నిప్రమాదాల భయం ఉన్న ఊరు, కారణం న్యాయంగానే ఉంది. నిబంధనలో ఏ జాతి పేరూ లేదు. ఆ ఊళ్లో 320 దాకా లాండ్రీలుంటే వాటిలో 310 చెక్క భవనాల్లోవే, సుమారు 240 చైనీయులవి. అనుమతికి దరఖాస్తు పెట్టిన 200 మంది చైనీయుల్లో ఒక్కరికీ ఇవ్వలేదు. చైనీయులు కాని 80 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో ‘యిక్ వో వర్సెస్ హాప్కిన్స్’ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది.

ఇందులో నాకు కనిపించే పాఠం మీ అందరిదానికి కాస్త భిన్నమైనది. అక్కడ అన్యాయానికి దారి ఇచ్చింది నిర్వచనం కాదు, అధికారికి దొరికిన విచక్షణ. ‘సందర్భాన్ని బట్టి, సమాజపు అవసరాన్ని బట్టి అధికారి నిర్ణయించవచ్చు’ అన్న వాక్యం ఈ రోజు సానుభూతి ఉన్న అధికారి చేతిలో ఉంటే మందిరానికి అనుమతి వస్తుంది, రేపు మరొకరి చేతికి వస్తే అదే వాక్యంతో తలుపు మూసుకుంటుంది. మనిషిని చూడని మొండి నిబంధన బలహీనుడికి ఒక్కోసారి కవచం. కొలతలు సరిపోతే అనుమతి ఇవ్వక తప్పదు, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు.

ఇక ఇలాంటి చర్చల్లో తరచూ చెప్పే ‘ప్రజలను అడగండి’ అన్న మందు అన్ని జబ్బులకూ పనికిరాదు. స్విట్జర్లాండ్‌లో 2009 నవంబరులో ప్రజలను అడిగారు, ఓటువేసినవారిలో 57.5 శాతం కొత్త మీనార్లు కట్టరాదన్నారు, అది రాజ్యాంగంలోకి ఎక్కింది. అప్పటికి ఆ దేశమంతటా ఉన్న మీనార్లు నాలుగంటే నాలుగు. భవనం ఎత్తుకు సంబంధించిన సాధారణ నిబంధన ఒక్కటే ఉండి, దాని ప్రకారమే మీనారైనా, గంటస్తంభమైనా, పొగగొట్టమైనా కొలిచి ఉంటే అంతమంది ఓటు వేయవలసిన అవసరమే వచ్చేది కాదు.

పాతఫైలు గారి గోదాము కథకు కూడా నా జవాబు ఇదే. గడి తప్పుగా ఉంది, దాన్ని సరిచేయండి. సమాజాన్ని బట్టి గడి మార్చకండి.

వంతెనకింద:

గళ్ళకాగితం గారి మాటలో బలం ఉంది, కాకపోతే ఆయన అనుమతుల గురించే మాట్లాడారు. ప్రణాళికలో అనుమతులు చిన్న భాగం. రోడ్డు ఎటు నుంచి వెళ్లాలి, ఏ పేటను ‘శిథిలావస్థలో ఉంది’ అని ముద్ర వేసి పడగొట్టాలి అన్న నిర్ణయాలకు కొలబద్ద నిబంధన ఏదీ ఉండదు; అక్కడ ఎవరి గొంతు వినబడితే వారి పేట మిగులుతుంది.

వాంకూవర్ ఉదాహరణ తీసుకోండి. 1950ల చివరి నుంచి ఆ నగరం పట్టణ పునరుద్ధరణ పేరుతో చైనీయులు ఎక్కువగా ఉన్న స్ట్రాత్‌కోనా పేటలో ఇళ్లు పడగొట్టడం మొదలుపెట్టింది. 1967 నాటికి చైనాటౌన్ మీదుగా ఫ్రీవే కూడా తలపెట్టారు. 1968లో అక్కడి ఇంటి యజమానులు, అద్దెదారులు కలిసి ఒక సంఘం కట్టారు. ఇంగ్లీషు నోటీసు చదవలేని పెద్దవాళ్ల దగ్గరికి ఇంటింటికీ వెళ్లి చైనీస్‌లో వివరించారు, ప్రతి బ్లాకుకూ ఒక బాధ్యుణ్ణి పెట్టుకున్నారు, చదువుకున్న పిల్లలు తల్లిదండ్రుల మాటను అధికారులకు అనువదించారు. కూల్చివేత ఆగింది, ఫ్రీవే పథకం మూలపడింది. అయితే ఆ ఫ్రీవేలో ఒక ముక్క మాత్రం కట్టేశారు: 1972లో తెరిచిన జార్జియా, డన్స్‌మ్యూర్ వయాడక్టులు (స్తంభాల మీద ఎత్తుగా వెళ్లే వంతెన రోడ్లు). అవి వెళ్లింది హోగన్స్ ఆలీ మీదుగా. ఆ ఊళ్లో నల్లజాతివారికి ఉన్న ఒకే ఒక్క పేట అది. వాళ్లు సంఖ్యలో కొద్దిమంది. ఆ వయాడక్టులను తీసేయాలని నగర కౌన్సిల్ 2015లో తీర్మానించింది, కానీ పోయిన పేట తీర్మానంతో తిరిగి రాదు కదా.

కాబట్టి ‘మైనారిటీల భాగస్వామ్యం’ అని ఒకే మాటలో రాసేయకండి. మైనారిటీల్లో కూడా కూడగట్టుకోగలిగినవారు, కూడగట్టుకోలేనివారు ఉంటారు. బహిరంగ సభ పనిదినాన మధ్యాహ్నం మూడింటికి పెట్టి, నోటీసును ఒకే భాషలో గోడకు అంటించి, అభ్యంతరాలేవీ రాలేదని నమోదు చేసుకోవడం నేను కళ్లారా చూశాను. నోటీసు అంటించిన గోడ కూడా కార్యాలయం లోపలిది.

నక్షావిద్యార్థి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గళ్ళకాగితం గారి వాదన నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది, మంచిదే. ఒక చోట మాత్రం అది నాకు తేలడం లేదు. గడిని అందరికీ సరిపోయేలా సరిచేయవచ్చు, ఒప్పుకుంటాను. కానీ కొన్ని అవసరాలు ఒక్క సమాజానికే ఉంటాయి, మిగతావారికి వాటి అర్థమే తెలియదు. అలాంటి దరఖాస్తు వచ్చినప్పుడు మొండి నిబంధన ఏం చేస్తుంది? పాతఫైలు గారు, మీ రోజుల్లో ఇలాంటివి ఎదురయ్యాయా?

పాతఫైలు:

నాకు నేరుగా ఎదురుకాలేదు గానీ, మీరు అడిగినదానికి ‘ఏరువ్’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆచారం పాటించే యూదులు సబ్బాతు రోజున, అంటే శనివారపు విశ్రాంతి దినాన, ఇంటి హద్దు దాటి ఏ వస్తువునూ మోయరు. పసిబిడ్డ బండి తోయడం, చక్రాల కుర్చీ తోయడం కూడా మోయడం కిందికే వస్తుంది. ఒక ప్రాంతం చుట్టూ హద్దు పూర్తి చేస్తే అదంతా ఉమ్మడి ఆవరణ అవుతుంది, దాని లోపల మోయవచ్చు. ఆ హద్దే ఏరువ్. హద్దులో చాలా భాగం ఉన్న గోడలు, రైలు కట్టలు, రోడ్లతోనే సరిపోతుంది. ఖాళీలు వచ్చినచోట రెండు స్తంభాలు నాటి పైన సన్నటి తీగ కడతారు.

లండన్‌లోని బార్నెట్‌లో సుమారు ఆరున్నర చదరపు మైళ్ల ప్రాంతానికి ఇలాంటి హద్దు కోసం దరఖాస్తు పెడితే 1993లో స్థానిక మండలి తిరస్కరించింది. వీధిలో స్తంభాలు ఎక్కువైపోతాయన్నది ఒక అభ్యంతరం. ఒక మతం వారు తమ సరిహద్దు గీసుకుంటున్నారన్నది దాని వెనకున్న భయం. వీధిదీపాలకు, టెలిఫోన్‌కు, ట్రాఫిక్ గుర్తులకు ఎన్ని వేల స్తంభాలున్నాయో ఆ పేటలో ఎవరూ లెక్కపెట్టి ఉండరు. 1994లో అప్పీలు మీద కేంద్ర మంత్రి అనుమతి ఇచ్చారు. అది పనిచేయడం మొదలైంది 2003లో. తొమ్మిదేళ్లు, కొన్ని పదుల స్తంభాల కోసం. ఆ తొమ్మిదేళ్లూ శనివారాల్లో ఇంట్లోనే ఉండిపోయింది ముఖ్యంగా పసిపిల్లల తల్లులు, నడవలేని వృద్ధులు.

గళ్ళకాగితం గారు, ఇక్కడ మీ మొండి నిబంధనే గెలిచిందని మీరు అనవచ్చు, నేను కాదనను. స్తంభాన్ని స్తంభంగానే చూసి, ఎత్తు ఎంత, దారికి అడ్డమా కాదా అని అడిగి ఉంటే మొదటి రోజే అనుమతి వచ్చేది. చిక్కు ఏమిటంటే, పొరుగువారు దాన్ని స్తంభంగా చూడలేదు, చూడమని చెప్పగలిగే అధికారీ అక్కడ లేడు. ఆ అధికారికి ఏరువ్ అంటే ఏమిటో ముందు తెలిసి ఉండాలి. నిబంధన మనిషిని చూడనక్కర్లేదు గానీ, నిబంధన పట్టుకున్నవాడు చూడాలి. మాంట్రియల్‌లోని ఊట్రెమాంట్‌లో ఇదే తీగల తగవు 2001లో కోర్టులో తేలింది, అక్కడితో అయిపోలేదు. 2016లో అదే ఊట్రెమాంట్‌లో బెర్నార్డ్ వీధిలో కొత్త ప్రార్థనా స్థలాలు వద్దన్న నిబంధన మీద స్థానిక ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, వద్దన్నదే నెగ్గింది. నిబంధనలో ఏ మతం పేరూ లేదు. అప్పట్లో అక్కడ కొత్త మందిరం కోసం వెతుకుతున్నది ఎవరో మాత్రం ఊరంతటికీ తెలుసు.

గడి సరిచేస్తే అందరికీ మేలు జరిగిన ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను, లేకపోతే మీ వ్యాసం మరీ నిరాశగా తయారవుతుంది. టొరంటోలో యుద్ధానంతర దశాబ్దాల్లో వందలాది ఎత్తయిన అపార్ట్‌మెంట్ టవర్లు కట్టారు. కారున్న మధ్యతరగతి కుటుంబాలు వస్తాయన్న ఊహతో, ఆ స్థలాల్లో నివాసం తప్ప మరేదీ ఉండకూడదని జోనింగ్‌లో రాశారు. తర్వాత వాటిలోకి వచ్చింది ఎక్కువగా కారు లేని కొత్త వలస కుటుంబాలు. కింద ఇంత పచ్చిక ఉంటుంది, కానీ చిన్న దుకాణం పెట్టుకోకూడదు, దర్జీ పని చేసుకోకూడదు, క్లినిక్ తెరవకూడదు, ఇంగ్లీషు నేర్పే గది కూడా నడపకూడదు. 2016లో అమల్లోకి వచ్చిన కొత్త జోన్‌తో ఆ టవర్ల పాదాల దగ్గర చిన్న వ్యాపారాలకు, సామాజిక సేవలకు వీలు కల్పించారు. అందులో ఏ సమాజానికీ సడలింపు లేదు, ఎవరి పేరూ రాయలేదు. కానీ ఆ మార్పు వచ్చింది, టవర్ల కింద నిజంగా ఎవరు ఏం చేసుకుని బతుకుతున్నారో వెళ్లి చూసినవారి వల్లే. మీ ఇద్దరు అధ్యాపకులనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గళ్ళకాగితం:

నిబంధన మనిషిని చూడనక్కర్లేదు, పట్టుకున్నవాడు చూడాలి అన్నదాన్ని ఒప్పుకుంటున్నాను. చూసి ఏం నిర్ణయించాడో కారణాలతో సహా ఫైలులో రాయాలన్న షరతు మీద మాత్రమే.

నక్షావిద్యార్థి:

మొదటి అధ్యాయం నిర్వచనాలతోనే మొదలుపెడుతున్నాను. పాతఫైలు గారు, ఆ గోదాము ఫారంలోని గడి ఇప్పటికీ అలాగే ఉందా?

పాతఫైలు:

మార్చారు. నేను దిగిపోయే ముందు ఏడాది ‘ఒకే సమయంలో హాజరయ్యే గరిష్ఠ సంఖ్య, వారిలో కాలినడకన వచ్చేవారు’ అని కింద ఇంకో గడి చేర్చారు. పైనున్న ‘స్థిర ఆసనాల సంఖ్య’ను మాత్రం తీసేయలేదు. ఆ గోదాములో ఇప్పుడు టైర్లు నిల్వ చేస్తున్నారు.